పేరు రాసుకున్నది ఎవరు? క్వీర్ ఆర్కైవ్‌ల కథా కమామీషు

1919లో హైదరాబాద్‌లో నిజాం సర్కారు ఒక చట్టం చేసింది. అప్పటి సర్కారు వాడే ఫసలీ సంవత్సరాల లెక్కలో అది 1329. హిజ్రాల పేర్లు, వాళ్లు ఉండే చోటు ఒక రిజిస్టరులో ఎక్కించాలని అందులో రాశారు. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారనో, ‘అసహజ’ నేరాలు చేస్తున్నారనో అనుమానం ఉంటే చాలు, పేరు ఎక్కుతుంది. ఒకసారి ఎక్కాక ఆ మనిషి ఆడవాళ్ల బట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనబడినా, నలుగురి మధ్య పాడినా, ఆడినా వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. తర్వాత నిజాం పాలన పోయింది, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వచ్చింది, విడిపోయింది. చట్టం మాత్రం పేరులో ‘తెలంగాణ ప్రాంత’ అన్న ముక్క చేర్చుకుని పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన కేసులో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులై 6న.

ఇప్పుడు ఇంకో తేదీ. 2013 డిసెంబర్ 11. సురేశ్ కుమార్ కౌశల్ కేసులో స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసే ఐపీసీ 377వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు నిలబెట్టింది. చెప్పిన కారణాల్లో ఒకటి: ఎల్జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్) మనుషులు జనాభాలో అతి చిన్న భాగం, 150 ఏళ్లకు పైబడిన కాలంలో ఈ సెక్షన్ కింద విచారణ ఎదుర్కొన్నది 200 మంది కన్నా తక్కువ. ఆ 200 ఎక్కడిది? అచ్చయిన కోర్టు తీర్పుల్లో కనబడిన లెక్క. స్టేషన్‌లో కూర్చోబెట్టి డబ్బు గుంజి వదిలేసిన కేసులు అచ్చయిన తీర్పుల్లో ఉండవు. ఇంట్లో చెబుతామని బెదిరించి నడిపించుకున్న వ్యవహారాలు అసలే ఉండవు.

ఒక రికార్డులో పేరుంటే నిఘా పెట్టారు. ఇంకో రికార్డులో పేరు లేకపోతే మనుషులే లేరన్నారు. రెండు రికార్డులూ రాసింది వేరేవాళ్లు. కమ్యూనిటీ ఆర్కైవ్ (తమ కాగితాలు తామే దాచుకునే చోటు) అన్న మాట వినగానే చాలామందికి పాత ఫోటోలు, జ్ఞాపకాలు, జూన్ నెల ప్రైడ్ (క్వీర్ మనుషుల ఊరేగింపుల) సందట్లో పెట్టే చిన్న ఎగ్జిబిషన్ గుర్తొస్తాయి. దాని అసలు సంగతి ఈ రెండు తేదీల మధ్య ఉంది: మన గురించిన కాగితం ఎవరి చేతిలో ఉండాలి, ఎవరు తెరవాలి, ఎప్పుడు తెరవాలి.

ముందు మాటల సంగతి

క్వీర్ అనేది గొడుగు లాంటి మాట. గే, లెస్బియన్, బైసెక్సువల్, ట్రాన్స్, ఇంకా ఆడ–మగ, పెళ్లి–సంసారం అనే మామూలు గీతల్లో ఇమడని వాళ్లందరికీ కలిపి వాడుతున్నారు. ఇంగ్లీషులో ఒకప్పుడు తిట్టుగా ఉన్నదాన్ని ఆ మనుషులే తీసుకుని తమ పేరుగా పెట్టుకున్నారు. అందరికీ ఇష్టమైన మాటేమీ కాదు. ‘నేను హిజ్రాను, నాకు ఈ క్వీర్ ఏంటో తెలియదు’ అనేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాట కొట్టిపారేయలేం.

ఆర్కైవ్‌కూ లైబ్రరీకీ తేడా ఏమిటంటే, లైబ్రరీలో ఉన్న పుస్తకం ఇంకోచోట కూడా దొరుకుతుంది. ఆర్కైవ్‌లో ఉండేది చాలావరకు ఒక్కటే ప్రతి: ఒక ఉత్తరం, ఒక మీటింగు మినిట్స్, ఒక కరపత్రం, ఎవరో మాట్లాడుతుండగా రికార్డు చేసిన టేపు. దాన్ని రాసేటప్పుడు ‘చరిత్ర కోసం’ అని ఎవరూ అనుకుని ఉండరు. ఆ రోజు పని కోసం రాశారు. అందుకే దానికి విలువ.

ప్రభుత్వ ఆర్కైవ్ ప్రభుత్వం తన పని కోసం పుట్టించిన కాగితాలను దాస్తుంది. తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు దస్త్రాలు ఉన్నాయంటే కారణం అదే. కమ్యూనిటీ ఆర్కైవ్‌లో దాచేది, వరస పెట్టేది, చూపించాలా వద్దా అని తేల్చేది ఆ మనుషులే. తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. వేటపాలెం సారస్వత నికేతనాన్ని 1918లో పెట్టింది సర్కారు కాదు, ఊరివాళ్లు. పాత పత్రికలు అక్కడ ఇవాళ్టికీ దొరుకుతున్నాయంటే వాళ్ల చలవే. కాకపోతే వేటపాలెం పెద్దలకు తాము దాచే పత్రికల వల్ల ఎవరి ఉద్యోగమో పోతుందన్న భయం లేదు. క్వీర్ ఆర్కైవ్‌కు మొదటి రోజు నుంచీ ఆ భయం ఉంది. దాని పద్ధతులన్నీ అందులోంచే పుట్టాయి.

ఇంట్లో ఎందుకు మిగలదు

మామూలు కుటుంబ చరిత్ర ఇంట్లోనే మిగిలిపోతుంది. పెళ్లి ఆల్బం, పొలం కాగితాలు, తాతగారు మిలిటరీ నుంచి రాసిన కార్డు, అన్నీ ఓ ట్రంకుపెట్టెలో పడి ఉంటాయి. అమ్మానాన్నల నుంచి పిల్లలకు చేరతాయి. ఎవరూ పనిగట్టుకుని దాచక్కర్లేదు.

అద్దెగదిలో ఇరవై ఏళ్లు ఒంటరిగా ఉన్న, లేదా ‘రూమ్మేట్’తో ఉన్న మనిషి సంగతి వేరు. ఆయన పోతే ఊరి నుంచి అన్నయ్య వస్తాడు. గది ఖాళీ చేస్తాడు. బట్టలు ఎవరికో ఇస్తాడు, పుస్తకాలు తూకానికి వేస్తాడు. డైరీ, ఉత్తరాల కట్ట మాత్రం ఎవరికీ ఇవ్వడు, కాల్చేస్తాడు. పరువు కోసమే చేస్తాడు, ప్రేమతోనే చేస్తాడు కూడా. పక్కన నిలబడ్డ ‘రూమ్మేట్’కు చట్టం ప్రకారం ఆ కట్ట మీద ఏ హక్కూ లేదు. బతికుండగానే తన ఉత్తరాలు తానే చింపేసుకున్నవాళ్లు ఎందరో. భద్రత కోసం చేసిన పని అది, తప్పు పట్టలేం.

హిజ్రాల్లో పద్ధతి కొంచెం వేరు. అక్కడ గురువు, చేలా (శిష్యురాలు) అనే సంబంధం ఉంది, ఘరానా అనే గురుపరంపర ఉంది. గురువు పోతే ఆమె సొత్తుకు చేలాలే వారసులని వాళ్ల ఆచారం. ఎవరి గురువు ఎవరు, ఆ గురువు ఏ ఘరానా నుంచి వచ్చింది, ఏ బజారు ఎవరిది అన్న వంశవృక్షం నోటితోనే నడుస్తుంది. అంటే ఆర్కైవ్ అనే మాట లేకుండానే అక్కడ ఆర్కైవ్ ఉంది. కాకపోతే అది మనిషిలో ఉంది. పెద్ద గురువు పోతే ఒక అలమార తగలబడినట్టే.

కాగితం మొదలైన కాలం

1980ల మధ్య నుంచి దేశంలోనూ బయటా మన క్వీర్ మనుషులు తమ గురించి తామే అచ్చేసుకోవడం మొదలైంది. 1986లో కాలిఫోర్నియాలో దక్షిణాసియా క్వీర్ మనుషుల కోసం ట్రైకోన్ అనే సంస్థ వచ్చింది. 1990లో అశోక్ రావ్ కవి ముంబైలో బాంబే దోస్త్ అనే గే పత్రిక తెచ్చారు. 1991లో ఢిల్లీలో ఏబీవీఏ అనే ఎయిడ్స్ వివక్ష వ్యతిరేక బృందం ‘లెస్ దాన్ గే’ పేరుతో పౌర నివేదిక వేసింది. మరుసటి ఏడాది ఆగస్టు 11న అదే బృందం ఢిల్లీ పోలీసు ప్రధాన కార్యాలయం ముందు ధర్నా చేసింది. గే మనుషులను వేధించడంపై దేశంలో తెలిసిన మొదటి బహిరంగ నిరసన అదే.

ఇవి తక్కువ ప్రతులు అచ్చయ్యాయి, చేతులు మారాయి, చాలావరకు పోయాయి. మిగిలినవి ఎవరో ఒకరి మంచం కింద మిగిలినవే. కోల్‌కతాలో 1993 నుంచి 2002 దాకా నడిచిన కౌన్సెల్ క్లబ్‌కు ఊళ్ల నుంచి, పట్నాల నుంచి ఉత్తరాలు వచ్చేవి. ‘నాలాంటి వాళ్లు ఇంకెవరైనా ఉన్నారా’ అని అడిగే ఉత్తరాలు. ఆ బృందంలో పనిచేసిన పవన్ ఢాల్ ఆ కాగితాల ఆధారంగా తర్వాత పుస్తకమే రాశారు. ఒక్కసారి ఆలోచించండి: గూగుల్ లేని రోజుల్లో, పోస్టుమాన్ చేతిలో పడుతుందని తెలిసి కూడా ఒక కుర్రాడు ఇన్లాండ్ లెటర్ మీద ఆ ప్రశ్న రాశాడంటే, 200 మంది అన్న లెక్క పక్కన ఆ ఒక్క కాగితం పెట్టి చూడాలి.

బెంగళూరులో 2017లో మొదలైన ఖమ్రా (క్వీర్ ఆర్కైవ్ ఫర్ మెమరీ, రిఫ్లెక్షన్ అండ్ యాక్టివిజం) ఇప్పుడు నేషనల్ లా స్కూల్‌లో ఉంది. డాక్యుమెంటరీ దర్శకురాలు టి. జయశ్రీ ఏళ్ల తరబడి తీసిన వీడియో ఫుటేజీ, 377 కేసుల కాగితాలు దానికి పునాది. 2001లో నాజ్ ఫౌండేషన్ వేసిన పిటిషన్, 2009 ఢిల్లీ హైకోర్టు తీర్పు, 2013 ఎదురుదెబ్బ, స్వలింగ సంబంధం నేరం కాదన్న 2018 సెప్టెంబర్ 6 నాటి నవ్‌తేజ్ జోహర్ తీర్పు. ఇవన్నీ తీర్పుల పుస్తకాల్లో దొరుకుతాయి కదా అనొచ్చు. తీర్పు దొరుకుతుంది. దాని వెనక ఏ మీటింగులో ఎవరు ఏ వాదన వద్దన్నారో, ఎవరు అలిగి లేచి వెళ్లిపోయారో తీర్పులో ఉండదు.

తెలుగు అలమార

మన దగ్గర ఏముంది? కాగితం తక్కువ, మాట ఎక్కువ.

కాగితంలో అందరికీ అందుబాటులో ఉన్నది ఎ. రేవతి పుస్తకం. తమిళనాడు నామక్కల్ ప్రాంతంలో పుట్టిన రేవతి తన జీవితకథ రాసుకున్నారు. పి. సత్యవతి గారు ‘ఒక హిజ్రా ఆత్మకథ’ పేరుతో దాన్ని తెలుగులోకి తెచ్చారు, ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. చాలామందికి తెలియనిది, ఆత్మకథకు ముందే 2004లో రేవతి తమిళంలో తోటి హిజ్రాల మాటలు సేకరించి పుస్తకంగా వేశారు. బయటి పరిశోధకుడు టేప్‌రికార్డర్ పట్టుకొచ్చి అడిగితే ఒక రకం జవాబు వస్తుంది, జమాత్‌లో (హిజ్రాల సమూహంలో) ఉన్న మనిషి అడిగితే ఇంకో రకం జవాబు వస్తుంది. మౌఖిక చరిత్రలో ఇదే కీలకం.

2013లో హైదరాబాద్‌లో మొదటి ప్రైడ్ నడక జరిగింది. 1999లో కోల్‌కతాలో పదిహేను మంది నడిచిన దానితో పోలిస్తే చాలా ఆలస్యం. కానీ దాని కరపత్రాలు, ప్లకార్డులు, పోలీసు అనుమతి కోసం పెట్టుకున్న అర్జీ, వాలంటీర్ల టీషర్టు, ఇవన్నీ ఎవరెవరి ఇళ్లలోనో ఉండే వస్తువులు. ప్లకార్డు మీద తెలుగులో ఏం రాశారన్నది ఒక్కటే చాలు, ఒక తరం తన కోసం మాటలు ఎలా వెతుక్కుందో చెప్పడానికి.

ఒక ఫోటో, ఐదుగురు మనుషులు

పద్ధతి అర్థం కావాలంటే ఒక ఉదాహరణ వేసుకుందాం. ఇది కల్పితం. పదేళ్ల కిందటి ఒక ప్రైడ్ నడకలో తీసిన ఫోటోను తీసినాయన ఆర్కైవ్‌కు ఇచ్చాడు. అందులో ఐదుగురున్నారు.

మొదటి మనిషికి ఏ ఇబ్బందీ లేదు. పేరు పెట్టమంటోంది, ఊరు కూడా పెట్టమంటోంది. రెండో మనిషి అప్పట్లో అబ్బాయి పేరుతో ఉండేది, ఇప్పుడు అమ్మాయి పేరుంది. ఫోటో ఉండనివ్వండి, పాత పేరు మాత్రం ఎక్కడా కనబడొద్దు అంటుంది. మూడో అతనికి పెళ్లయింది, బ్యాంకులో ఉద్యోగం, తీసేయమంటాడు. నాలుగో అతను చనిపోయాడు. తల్లిదండ్రులు వద్దంటారు, స్నేహితులు ఉంచమంటారు, ఇద్దరూ ఏడుస్తూనే అడుగుతారు. ఐదో మనిషి మొహానికి మాస్కు ఉంది. ఎవరో ఎవరికీ తెలియదు.

ఫోటో తీసినాయన సంతకం పెట్టాడు కదా, చట్టం ప్రకారం సరిపోతుంది అనుకుంటే తప్పు. కాపీరైటు ఆయనది. మొహాలు ఆయనవి కావు. మంచి ఆర్కైవ్ ఇక్కడ ‘పెట్టాలా, తీసేయాలా’ అనే ఒక్క ప్రశ్నతో ఆగదు. అదే ఫోటోకు మూడు గతులు ఏర్పాటు చేస్తుంది. అసలు ప్రతి ఎవరికీ చూపించకుండా భద్రంగా ఉంటుంది. చదువుకునే గదికి వచ్చి, ఎందుకో చెప్పి, సంతకం పెట్టినవాళ్లకు రెండో ప్రతి చూపిస్తారు. ఇంటర్నెట్‌లో పెట్టేదాంట్లో మూడో అతని మొహం కనబడదు, రెండో ఆమె కొత్త పేరే ఉంటుంది. నాలుగో అతని విషయంలో గడువు పెట్టొచ్చు: ఇరవై ఏళ్లు మూసి ఉంచి, అప్పుడు మళ్లీ చూద్దామని. ఐదో మనిషి అడగలేదు కాబట్టి ఒప్పుకున్నట్టు కాదు. మాస్కే జవాబు అని కొన్ని ఆర్కైవ్‌లు భావిస్తాయి.

మొహాలు మసక చేయడాన్ని అందరూ ఒప్పుకోరు. టీవీలో నిందితులకు చేసినట్టు ఉంటుంది, సిగ్గుపడాల్సిన పనేదో చేసినట్టు కనబడుతుంది, దానికన్నా ఆ ఫోటో పెట్టకపోవడమే నయం అన్నది వాళ్ల వాదన. మసక చేసైనా పెడితే, అక్కడ అంతమంది నడిచారని తెలుస్తుంది అన్నది ఎదుటి వాదన. రెండింట్లోనూ నిజం ఉంది.

చిన్న విషయంలా కనబడే పెద్ద ప్రమాదం ఒకటుంది. ఫోటోలో మొహం మసక చేసి, ఫైలు పేరులో మాత్రం మనిషి పూర్తి పేరు వదిలేయడం. కెమెరా తనంతట తాను ఫైల్లో రాసుకునే తేదీ, స్థలం వివరాలు అలాగే పోవడం. తాళం వేసి తాళంచెవి గుమ్మానికే తగిలించినట్టు.

ఉత్తరం ఎవరిది?

కౌన్సెల్ క్లబ్ లాంటి చోటికి వచ్చిన ఉత్తరమే తీసుకుందాం. కాగితం అందుకున్నవాళ్లది. అందులోని మాటల మీద కాపీరైటు రాసినవాళ్లది, మన చట్టం ప్రకారం వాళ్లు పోయాక కూడా ఆ హక్కు ఉంటుంది. ఇది చట్టం మాట. దానికన్నా చిక్కు ప్రశ్న: ఆ కుర్రాడు ఒక్కరు చదువుతారని రాశాడు. వందమంది చదవాలని రాయలేదు. ఇప్పుడు అతన్ని వెతికి ‘మీ ఉత్తరం మా దగ్గరుంది, ప్రచురించవచ్చా’ అని ఇంటికి ఉత్తరం పంపితే? ఆ కవరు అతని భార్య తెరిస్తే? అనుమతి అడగడమే హాని చేసే సందర్భం ఇది.

ఒక దారి, పేర్లు ఊర్లు తీసేసి సారాంశంగా వాడుకోవడం. చరిత్రకారులు దీనికి ఒప్పుకోరు. ఊరు తీసేస్తే ఉత్తరంలో సగం చరిత్ర పోతుంది, అది చిన్న ఊరి నుంచి రావడమే కదా విశేషం అంటారు. జిల్లా పేరు ఉంచి ఊరు తీసేయడం లాంటి మధ్యేమార్గాలు ఉన్నాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మన వివరాలు తీసేయమని అడిగే హక్కు ఇస్తూనే, పరిశోధన, ఆర్కైవింగ్, గణాంకాల పనికి కొంత మినహాయింపు ఇచ్చింది. షరతు ఏమిటంటే, ఆ సమాచారంతో ఆ మనిషి మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి. చట్టం వదిలేసిందని నైతిక ప్రశ్న వదిలేయదు. చాలా కమ్యూనిటీ ఆర్కైవ్‌లు ఎవరైనా తమ గురించిన వస్తువు వెనక్కి తీసుకోమంటే, కారణం అడగకుండా తీసేస్తామని ముందే రాసిపెట్టుకుంటాయి.

ఏ పేరుతో వెతకాలి?

పాత తెలుగు పత్రికల్లో ‘ట్రాన్స్‌జెండర్’ అని వెతికితే ఏమీ దొరకదు. ఆ మాట అప్పుడు లేదు. కొజ్జా, మాడా అని వెతికితే దొరుకుతుంది, తిట్లతో సహా. ఇంకా వెనక్కి వెళ్తే పేడి అన్న మాట దొరుకుతుంది, విరాట పర్వం చదివినవాళ్లకు బృహన్నల గుర్తొస్తాడు. ఆడతీరులో మెలిగే మగవాళ్లు తమ గురించి వాడుకునే, ఉత్తరాది నుంచి వచ్చిన ‘కోథీ’ అన్న మాటను మన పత్రికల్లో ఒక్కోసారి ‘కోతి’ అని అచ్చేస్తారు. కంప్యూటరుకు అది జంతువే. మనుషులకు అది ఎగతాళి.

కేటలాగు చేసేవాళ్లు దీనికి రెండు పొరలు పెడతారు. వెతికేందుకు పాత మాటలు లోపల ఉంటాయి, పైకి కనబడే శీర్షికలో ఆ మనిషి తన గురించి తాను వాడుకునే మాట ఉంటుంది. ఇంగ్లీషులో ఇందుకోసం హోమోసారస్ అనే పదకోశం ఉంది, నెదర్లాండ్స్‌లో 1997లో మొదలైంది. అందులోని మాటలను తెలుగులోకి దించుకుంటే పని అయిపోతుందా? అవదు. శివసత్తుల (దేవుడు పూనేవాళ్ల) సంగతి చూడండి. బోనాల్లో, కొమురవెల్లిలో, వేములవాడలో కనిపించే శివసత్తుల్లో మగవాళ్లుగా పుట్టి చీర కట్టుకునేవాళ్లు ఉన్నారు. ఎల్లమ్మకు అంకితమైన జోగప్పలు ఉన్నారు. వాళ్ల ఫోటోకు ‘ట్రాన్స్’ అని చీటీ అంటిస్తే దేవుడితో వాళ్లకున్న సంబంధం మాయమవుతుంది. ‘జాతర, జానపదం’ అని అంటిస్తే రెండో సంగతి మాయమవుతుంది. వాళ్లు తమను తాము శివసత్తు అనుకుంటే శివసత్తు అని రాసి, పక్కన సంబంధిత అంశంగా రెండోది పెట్టడం ఇప్పటికి కనబడే పరిష్కారం. మనకు నచ్చిన పేరు ఎదుటివాళ్లకు అంటించే అలవాటు 1919 రిజిస్టరుకు కూడా ఉంది, ఆ మాట మరిచిపోకూడదు.

సొంత ఇంట్లోనా, యూనివర్సిటీలోనా?

దీని మీద వాదన యాభై ఏళ్లుగా నడుస్తోంది. న్యూయార్క్‌లో 1974లో మొదలైన లెస్బియన్ హర్‌స్టోరీ ఆర్కైవ్స్ చాలా ఏళ్లు జోన్ నెసిల్ అపార్ట్‌మెంటులోనే ఉంది. చందాలు పోగేసుకుని 1993లో బ్రూక్లిన్‌లో సొంత భవనంలోకి మారారు. యూనివర్సిటీలో పెట్టకూడదన్నది వాళ్ల నియమం, ఎందుకంటే గేటు దాటి లోపలికి రాలేని ఆడవాళ్లు చాలామంది ఉంటారు. హైదరాబాద్‌లో ఏ పెద్ద క్యాంపస్ గేటు దగ్గరైనా ఒక హిజ్రా నిలబడి లోపలికి వెళ్లాలని అడిగితే సెక్యూరిటీ ఏమంటాడో ఊహించుకుంటే ఆ నియమం వెంటనే అర్థమవుతుంది.

ఎదుటి వాదనకూ బలం ఉంది. ఇంటికి అద్దె కట్టాలి. మనుషులు అలిసిపోతారు, ఊరు మారతారు, గొడవపడతారు. ఏసీ గది, మంచి స్కానరు, జీతం తీసుకునే ఆర్కివిస్టు సంస్థల దగ్గరే ఉంటాయి. బెంగళూరు ఖమ్రావాళ్లు లా స్కూల్‌కు వెళ్లింది ఇలాంటి లెక్క మీదే. మూడో దారి అమెరికాలోని దక్షిణాసియా వాళ్ల డిజిటల్ ఆర్కైవ్ సాదా 2008 నుంచి చూపిస్తోంది: వస్తువు ఇంటి నుంచి తీసుకోరు, స్కాన్ చేసి తిరిగి ఇచ్చేస్తారు. అమ్మమ్మ ఉత్తరం అమ్మమ్మ దగ్గరే ఉంటుంది. ఇంట్లో భద్రంగా ఉండదనే కదా అసలు సమస్య అంటే, దానికి వాళ్ల దగ్గర పూర్తి జవాబు లేదు.

భద్రత అంటే చెదపురుగులు, తేమ మాత్రమే కాదు. హైదరాబాద్‌లో నిజాం చట్టం వచ్చిన ఏడాదే, 1919లో, బెర్లిన్‌లో స్వలింగ సంబంధాల హక్కు కోసం పోరాడిన వైద్యుడు మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ లైంగిక శాస్త్ర సంస్థ తెరిచాడు. 1933 మే 6న నాజీ విద్యార్థులు దాన్ని దోచుకున్నారు, నాలుగు రోజుల తర్వాత దాని పుస్తకాలు బహిరంగంగా తగలబెట్టారు. 1977 డిసెంబర్ 30న టొరంటోలో ద బాడీ పాలిటిక్ అనే గే పత్రిక ఆఫీసు మీద పోలీసులు దాడి చేసి చందాదారుల జాబితా పట్టుకుపోయారు. కెనడాలోని పెద్ద గే ఆర్కైవ్ పుట్టింది ఆ పత్రికలోనే. పేర్లు ఒకచోట చేర్చడం వల్ల వచ్చే ప్రమాదం ఇదే: చేర్చినవాళ్ల ఉద్దేశం ఏదైనా, జాబితా జాబితాయే.

నీళ్లకు రాజకీయం లేదు, అవీ ముంచుతాయి. 2000 ఆగస్టు వరదల్లో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఉన్న అరుదైన ఉర్దూ పుస్తకాల సంపద తడిసి ముద్దయింది.

ఇంటర్నెట్‌లో ఉంది కదా

2000 తర్వాత క్వీర్ జీవితం చాలావరకు యాహూ గ్రూపుల్లో, ఆర్కుట్‌లో నడిచింది. ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది. యాహూ గ్రూపుల్లో పోగైన పోస్టులను 2019 డిసెంబర్‌లో తీసేశారు. 1993 నాటి ఇన్లాండ్ లెటర్ మిగిలింది, 2003 నాటి ఈమెయిల్ పోయింది. ఇవాళ అంతా వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్. వాట్సాప్‌లో పంపిన ఫోటో చిక్కిపోయి చేరుతుంది, ఆ చిక్కిన ప్రతే చాలామంది దగ్గర మిగులుతుంది. ఆర్కైవ్ వాళ్లు మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే ఊళ్లో ఉండాలంటారు. కాగితం సంగతికొస్తే మన ఇళ్లలో సర్టిఫికెట్లకు చేసే లామినేషన్ వాళ్లు అసలు ఒప్పుకోరు. ఒకసారి వేడికి అతికిన ప్లాస్టిక్ మళ్లీ ఊడదు, కాగితం ఊపిరాడక పాడవుతుంది.

ఎవరి చరిత్ర మిగిలింది?

మిగిలిన కాగితాల్లో ఎక్కువ ఇంగ్లీషువి, నగరాలవి, అందులోనూ చదువుకున్న మగవాళ్లవి. కారణం తేలికే. పత్రిక నడపడానికి, ఉత్తరాలు దాచుకోవడానికి సొంత గది కావాలి. ఇంట్లో తలుపు గడియ పెట్టుకునే హక్కు లేని అమ్మాయి డైరీ ఎక్కడ దాస్తుంది? దళిత క్వీర్ మనుషులు ఈ మాట చాలా ఏళ్లుగా అంటున్నారు: ఆర్కైవ్‌లో మా కులం లేకపోతే అందులో ఉన్నది మా చరిత్ర కాదు.

దీనికి రాజకీయ ఫలితం కూడా ఉంది. 2023లో స్వలింగ జంటల పెళ్లి హక్కు కేసులో కేంద్రం ఇది నగరాల ఉన్నత వర్గాల ఆలోచన అని వాదించింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ తన తీర్పులో ఒక భాగమంతా దానికి జవాబుగా రాశారు, పాత సాహిత్యం నుంచి ఇటీవలి వార్తల దాకా ఆధారాలు పేర్చారు. పెళ్లి హక్కు మాత్రం ఐదుగురు జడ్జిల్లో ఎవరూ ప్రాథమిక హక్కుగా ఒప్పుకోలేదు. ఆధారాలు ఉంటే గెలుస్తారని కాదు. కానీ ఇంగ్లీషు కాగితాలే ఉన్న ఆర్కైవ్ చూపిస్తే ఎదుటివాడి వాదనే బలపడుతుంది.

అందుకని ఊళ్లోకి వెళ్లి అందరి మాటలూ రికార్డు చేసేయాలా? జమాత్ పెద్దల్లో కొందరు ఒప్పుకోరు. మా భాష, మా రీతులు మాకే ఉండాలి, బయటికొస్తే పోలీసులకు, యూట్యూబర్లకు దొరుకుతాయి అంటారు. నిర్వాణం (అంగం తొలగించుకునే ఆచారం) గురించి అడిగే ప్రతి కెమెరా చివరికి ఏ థంబ్‌నెయిల్ పెడుతుందో వాళ్లకు తెలుసు. చెప్పకపోవడం కూడా వాళ్ల హక్కే అని ఒప్పుకున్న ఆర్కైవ్‌లు, వాళ్లు చెప్పదలచుకున్నది చెప్పదలచుకున్నప్పుడు రాసుకుంటాయి. అలా చేస్తే కొంత శాశ్వతంగా పోతుంది. పోతుందని తెలిసే చేస్తాయి.

మొదట చెప్పిన రిజిస్టరు దగ్గరికే మళ్లీ వద్దాం. అనుకోండి, రేపు ఏ పాత దస్త్రాల గదిలోనో అందులోని నాలుగు పుటలు దొరికాయి. పేర్లు, గల్లీలు, తేదీలు. వందేళ్ల కిందటి హైదరాబాద్ హిజ్రాల గురించి అంత వివరంగా ఇంకెక్కడా దొరకదు కాబట్టి పరిశోధకులు వెంటనే స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టమంటారు. రక్తసంబంధీకుల నుంచి అనుమతి తీసుకుందామంటే ఆ పేర్లకు పిల్లలు లేరు. చేలాలు ఉన్నారు, చేలాల చేలాలు ఉన్నారు, ఆ ఘరానా ఇవాళ్టికీ నడుస్తోంది. ఆ పుటలు వాళ్ల గురువులవి. ముందు వాళ్లను పిలిచి, ఒక గదిలో కూర్చోబెట్టి, ఆ పేర్లు ఒక్కొక్కటే చదివి వినిపించి, ఇందులో ఏది బయటపెట్టమంటారమ్మా అని అడగాలి.